ట్యాంకులో ఏముందో సీసాలో చూడండి

విశాఖపట్నం

చిరంజీవులైన పిల్లలకు,

దీవెనలు. ఈ మధ్య మీలో చాలామంది చేతికి బళ్ళు వచ్చాయి. కొందరివి కొత్తవి, కొందరివి నాన్నలు వాడి వదిలేసిన పాతవి. అద్దాల మీద, సీటు కవరు మీద చూపించే శ్రద్ధలో కొంచెం పెట్రోలు నడిచే దారి మీద కూడా పెట్టండర్రా. దారిలో బండి ఆగితే "ఫిల్టరు పోయింది, మార్చేద్దాం" అంటారు. పట్టాల్సిన చెత్తను పట్టింది కాబట్టే అది మూసుకుపోయింది. ఆ చెత్త ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడకుండా కొత్తది బిగిస్తే, కొద్దిరోజుల్లో దాని గతీ అంతే.

రిఫైనరీ మన ఊళ్ళోనే ఉంది కదా, మనకి దొరికేదంతా మంచి పెట్రోలేనని ఒక నమ్మకం ఉంది. మల్కాపురం రిఫైనరీ 1957 నుంచి ఉంది, నిజమే. అయితే పెట్రోలు పాడయ్యేది అక్కణ్ణుంచి బయల్దేరాక. ట్యాంకరులో, బంకు కింద భూమిలో పాతిన ట్యాంకులో, రోడ్డు పక్క సీసాలో ఎక్కడైనా పాడవ్వచ్చు. నన్నడిగితే ముందు అనుమానించాల్సింది మన బండి ట్యాంకునే.

మన ఊరి గాలి సంగతి మీకు తెలుసు. ఉతికిన బట్ట నీడలో ఆరదు, ఇనప గేటు రెండు వానలకే తుప్పు పడుతుంది. పెట్రోలు సగానికి తక్కువ ఉన్న ట్యాంకులో మిగతా జాగా అంతా ఆ చెమ్మగాలే. పగలు ఎండలో రేకు కాలుతుంది, రాత్రి చల్లారుతుంది. చల్లారినప్పుడు లోపలి గోడకి చెమ్మ పడుతుంది. పెట్రోలు తగలని ఆ పై భాగంలోనే తుప్పు మొదలై, పొడిగా రాలి అడుగుకి చేరుతుంది. రోజూ వంద రూపాయల పెట్రోలు పోయించుకుంటూ ఎప్పుడూ రిజర్వు మీద తిరిగే బళ్ళకి ఈ జబ్బు తొందరగా వస్తుంది. సగం పైన ఉంచుకోండి, ముఖ్యంగా వానాకాలం, తుఫాన్ల కాలం రెండింటిలోనూ.

నీళ్ళు లోపలికి దిగే పెద్ద దారి ఇంకొకటి ఉంది, చాలామంది గమనించరు. ట్యాంకు మూత తెరిచి చూడండి. పెట్రోలు పోసే నోటి చుట్టూ ఉన్న గాడిలో చిన్న రంధ్రం ఉంటుంది. మూత చుట్టూ నిలిచిన వాననీళ్ళు ఆ రంధ్రంలోంచి, ట్యాంకు లోపల ఉన్న సన్నని గొట్టం మీదుగా కిందికి పోవాలి. దుమ్ము పేరుకుని అది మూసుకుపోతే నీళ్ళు అక్కడే నిలిచి, మూత రబ్బరు కొంచెం గట్టిపడినా నేరుగా పెట్రోల్లోకి దిగుతాయి. సైకిలు బ్రేకు తీగలో ఒక పోగు తీసుకుని నెలకోసారి మెల్లగా ఆడించండి. చెంచాడు నీళ్ళు ఆ రంధ్రం దగ్గర వదిలితే బండి కింద చుక్కలు పడాలి. వాటర్ సర్వీసు చేయించేటప్పుడు గన్ను మూత మీద పెట్టొద్దని ముందే చెప్పండి.

అదే మూతకి గాలి పీల్చే సన్నని దారి కూడా ఉంటుంది. అది మూసుకుంటే పెట్రోలు దిగేకొద్దీ లోపల వాక్యూమ్ ఏర్పడి ధార ఆగిపోతుంది. బండి పది కిలోమీటర్లు బాగా నడిచి ఆగుతుంది, కాసేపు ఉంచితే మళ్ళీ స్టార్టవుతుంది. ఫిల్టరు మూసుకున్నా అచ్చం ఇలాగే చేస్తుంది. తేడా తెలుసుకోవడం తేలిక. ఆగినచోటే మూత తెరవండి. "హుస్సు"మని గాలి లోపలికి పోయి బండి వెంటనే అందుకుంటే తప్పు మూతది, ఫిల్టరు జోలికి పోనక్కర్లేదు.

పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనుకి పంపే కార్బొరేటరు ఉన్న బండిలో పెట్రోలుకి జల్లెడలు రెండు మూడు ఉంటాయి. ట్యాంకు కింద ఆన్, రిజర్వు, ఆఫ్ అని ఉండే ట్యాపుకి లోపల నిలువుగా ఒక జాలీ, కొన్ని బళ్ళలో ట్యాపు అడుగునే మురికి చేరే చిన్న గిన్నె, కొన్నిటికి ట్యాపుకీ కార్బొరేటరుకీ మధ్య పైపులో కాగితపు ఫిల్టరు. కార్బొరేటరు బదులు పెట్రోలుని ఒత్తిడితో చిమ్మే ఇంజక్షన్ బళ్ళలో పెట్రోలు తోడే మోటారు, జాలీ, ఫిల్టరు సాధారణంగా ట్యాంకు లోపలే కలిసి ఉంటాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త బళ్ళన్నీ దాదాపు ఈ రకమే.

సగం మూసుకున్న ఫిల్టరు ఊళ్ళో ఎందుకు తెలియదో ఒక చిన్న లెక్క చెప్తాను. లీటరుకి 50 కిలోమీటర్లిచ్చే బండి, గంటకి 50 వేగంతో పోతే గంటకి లీటరు తాగుతుంది. అంటే నిమిషానికి 17 మిల్లీలీటర్లు, మూడు నాలుగు టీ చెంచాలు. అంత సన్నని ధార సగం మూసుకున్న ఫిల్టరులోంచి కూడా వస్తుంది. జగదాంబ నుంచి గాజువాక దాకా ఏ తేడా కనిపించదు. అనంతగిరి ఘాటు ఎక్కేటప్పుడు, వెనకాల ఒకణ్ణి ఎక్కించుకుని థ్రాటిల్ పూర్తిగా తిప్పి పట్టుకుంటే, ఖర్చు రెండు మూడు రెట్లవుతుంది. అప్పుడు కార్బొరేటరు గిన్నె ఖాళీ అవుతుంది, బండి జెర్కులిచ్చి ఆగుతుంది. ఐదు నిమిషాలు ఆగితే గిన్నె నిండి మళ్ళీ నడుస్తుంది. ఎక్కుడులోనే ఇలా చేస్తూ చదునులో బాగుంటే ముందు పెట్రోలు దారినే చూడండి.

ధార కొలవడానికి ట్యాపు ఆఫ్ చేసి, కార్బొరేటరు దగ్గర పైపు ఊడదీసి, కొలత గీతలున్న గ్లాసులో పెట్టి, ఒక నిమిషం ఆన్ చెయ్యండి. వందా, నూట యాభై సీసీ బండికి వంద మిల్లీలీటర్లు సులువుగా దాటాలి, ధార తెగకూడదు. చుక్కచుక్కగా వస్తే మూత తెరిచి ఇంకోసారి చూడండి. అయినా అంతే అయితే జాలీయో ఫిల్టరో మూసుకుంది. కొన్ని పాత స్కూటర్లకి ఇంజను పీలిస్తేనే తెరుచుకునే ట్యాపు ఉంటుంది, వాటికి ఈ పరీక్ష చెల్లదు.

ఆ పట్టిన పెట్రోలు పారబొయ్యొద్దు. మూత ఉన్న గాజు సీసాలో పోసి, పది నిమిషాలు కదపకుండా వెలుతురుకి పెట్టి చూడండి. ఎర్రటి పొడి దిగితే తుప్పు, అంటే మీ ట్యాంకుదే. నల్లటి తునకలైతే పాత రబ్బరు పైపు లోపల ఊడుతోంది. బూడిదరంగు ఇసకలాంటిదైతే బయటి మట్టి, మూత దగ్గర నుంచో సీసా పెట్రోలు నుంచో వచ్చింది. అడుగున వేరే పొరగా నిలబడి, సీసా వంచితే విడిగా జారేది ఉంటే నీళ్ళు చేరినట్టే.

నీళ్ళ విషయంలో ఇప్పుడు లెక్క మారింది. ఇవాళ మనం పోయించుకునే పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం దాకా కలుస్తోంది. ఇథనాల్ నీళ్ళని తనలో కలుపుకుంటుంది కాబట్టి కాస్త చెమ్మ వల్ల ఇబ్బంది రాదు. కాని దానికో హద్దుంది. పది శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పది లీటర్లుంటే సుమారు 50 మిల్లీలీటర్ల నీళ్ళ దాకా దాచుకోగలదు, ఇరవై శాతందైతే ఇంకొంచెం ఎక్కువ. ఆ హద్దు దాటితే, ముఖ్యంగా చల్లబడినప్పుడు, నీళ్ళూ ఇథనాలూ కలిసి అడుగుకి దిగిపోతాయి. ట్యాపు పీల్చేది ఆ అడుగునుంచే. కిక్కులు కొట్టినా, సెల్ఫు తిప్పినా లాభం ఉండదు. బండిని ఊపితే మళ్ళీ కలుస్తుందనుకోవద్దు, మంచి పెట్రోలు పైన పోసినా బాగుపడదు. మొత్తం తీసెయ్యాల్సిందే. ఫిల్టరు నీళ్ళని ఆపలేదు, కిరసనాయిలునీ ఆపలేదు. అది ఆపేది పొడినీ మట్టినీ మాత్రమే.

పెట్రోల్లో నీళ్ళు పోసి ఊపి "చూడండి ఎంత కల్తీయో" అని చూపించే వీడియోలు మీరు చూసే ఉంటారు. ఇరవై శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు 90 మిల్లీలీటర్లలో 10 మిల్లీలీటర్ల నీళ్ళు పోస్తే అడుగు పొర రెట్టింపుకి పైగా అవుతుంది. అది కల్తీ కాదు, ఇథనాల్ నీళ్ళతో కిందికి రావడం. ఇది నమ్మి బంకువాళ్ళతో గొడవ పడకండి.

గొడవ లేకుండా అడగదగ్గవి ఉన్నాయి. బంకులో ఫిల్టరు కాగితం అడిగితే ఇవ్వాలి. గన్ను మూతి తుడిచి ఒక చుక్క దాని మీద వేయించండి. రెండు నిమిషాల్లో ఆవిరైపోవాలి. జిడ్డు మరక మిగిలితే కిరసనాయిలు లాంటిది కలిసిందని అనుమానించాలి. లేత గులాబి రంగు మిగిలితే కంగారు పడొద్దు, అది రంగు వల్ల కావచ్చు. డెన్సిటీ కూడా కొలిచి చూపమనొచ్చు. 15 డిగ్రీల దగ్గరికి సవరించిన లెక్క ఘనపు మీటరుకి 720 నుంచి 775 కిలోల మధ్య ఉండాలి, ఆ రోజు వాళ్ళు రాసుకున్న అంకెకి 3 కన్నా తేడా ఉండకూడదు. తేడా ఉంటే బిల్లు దాచి, వినియోగదారుల హెల్ప్‌లైను 1915కి చెప్పండి. ట్యాంకరు దింపుతున్న సమయంలో, నీళ్ళు నిలిచిన బంకులో పోయించుకోకుండా ముందుకు పోవడం మంచిది. సీసాల్లో అమ్మే పెట్రోలు ప్రాణం మీదికి వస్తే తప్ప వద్దు.

ఇక చేతిపని. ముందు ఒక మాట. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పాకి దూరంగా ఉన్న నిప్పుని వెతుక్కుంటుంది. 1997 సెప్టెంబరు 14న మన రిఫైనరీలో అంటుకున్నది వంటగ్యాసు. అదీ గాలికన్నా బరువే. అపార్టుమెంటు సెల్లారులో ఈ పని చెయ్యొద్దు. ఆరుబయట, ఇంజను చల్లారాక, బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, ప్లాస్టిక్ బకెట్ కాకుండా ఇనప డబ్బా పెట్టుకుని, పక్కన పొడి ఇసక ఉంచుకుని చెయ్యండి.

ట్యాపు కింద గిన్నె ఉంటే ఆఫ్ చేసి స్పానరుతో విప్పండి, చాలావాటికి 10 నంబరు సరిపోతుంది. జాలీని మెత్తటి పళ్ళపొడి బ్రష్షుతో పెట్రోల్లోనే కడగండి. రబ్బరు రింగు ఉబ్బినా, పగిలినా కొత్తది వెయ్యండి. బిగించేటప్పుడు బలం చూపించొద్దు, అల్యూమినియం మరలు ఇట్టే పోతాయి. పైపు ఫిల్టరు అయితే బాణం గుర్తు కార్బొరేటరు వైపు ఉండాలి, సిలిండరుకి తగలకూడదు, పైపు మధ్యలో వేలాడకూడదు. పెట్టాక అది సగమే నిండి కనిపిస్తుంది, మామూలే. కాగితపు ఫిల్టరుని కడగడం దండగ, కాగితం విప్పారి చిరుగుతుంది. జాలీ ఏడాదికోసారి, వానలు వెళ్ళాక శుభ్రం చేస్తే చాలు. కాగితపుది 10,000 కిలోమీటర్ల దగ్గర మార్చండి, మీ బండి పుస్తకం వేరే చెప్తే దాన్నే పాటించండి. ఎలాగూ విప్పారు కదా, కార్బొరేటరు అడుగు స్క్రూ వదులు చేసి గిన్నె కూడా సీసాలోకి దింపండి. లోపల పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం, అంటే జెట్టు, మూసుకుంటే గాలితో ఊదాలి, తీగ పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదై మైలేజీ పోతుంది.

ఇంజక్షన్ బండికి మీరు చెయ్యి పెట్టొద్దు. చాలావాటి పైపులో ఒత్తిడి 3 బార్ దాకా ఉంటుంది, మీ టైర్లో ఉన్నదానికన్నా ఎక్కువ. విప్పితే కంట్లోకి చిమ్ముతుంది. మెకానిక్కు కూడా మోటారు కనెక్టరు తీసి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడిపి, ఒత్తిడి దించాకే విప్పాలి. అతను కార్బొరేటరు బండి ప్లాస్టిక్ ఫిల్టరు ఆ పైపులో పెడతానంటే వద్దనండి, పగులుతుంది. రిజర్వు మీద తిరిగితే ఇంకో నష్టం, పెట్రోల్లో మునిగి చల్లబడాల్సిన మోటారు పొడిగా కాగుతుంది.

తుప్పు ఎక్కువగా ఉంటే ట్యాంకు దింపాలి. ట్యాపు, గేజి విప్పి, పెట్రోలు పూర్తిగా తీసి, సబ్బునీళ్ళతో రెండుసార్లు కడిగి, లీటరు గోరువెచ్చని నీళ్ళకి 50 నుంచి 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి నింపి ఒక రోజు ఉంచండి. బాత్రూము కడిగే యాసిడ్ మాత్రం వద్దు, తుప్పుతో పాటు రేకునీ తింటుంది. తర్వాత నీళ్ళతో కడిగి, తినేసోడా కలిపిన నీళ్ళతో ఇంకోసారి కడిగి, వెంటనే ఎండలో ఆరబెట్టండి. ఆలస్యమైతే గంటల్లోనే కొత్త తుప్పు వస్తుంది. ఆరగానే కొంచెం ఇంజనాయిలు కలిపిన పెట్రోలు లోపలంతా తిప్పి, ఆ పెట్రోలు తీసేసి, కొత్త ఫిల్టరుతో బిగించండి. ఆ ఫిల్టరుని 500 కిలోమీటర్ల తర్వాత ఒకసారి విప్పి చూడాలి, ఎందుకంటే మిగిలిన పొడి అంతా దానికే వస్తుంది.

పరీక్షలకో హాస్టలుకో నెల దాటి బండి వదిలి వెళ్తే, ట్యాంకు నింపి, ట్యాపు ఆఫ్ చేసి, ఇంజను ఆగేదాకా నడిపి వెళ్ళండి. తీసిన పాత పెట్రోలు డ్రైనేజీలో పొయ్యొద్దు, మూతున్న ఇనప డబ్బాలో షెడ్డుకి తీసుకెళ్ళండి. గాజు సీసా కూడా తీసుకెళ్ళండి. "బండి ఆగిపోతోంది" అని చెప్పేబదులు ఆ సీసా మెకానిక్కు చేతిలో పెడితే, ఎక్కడ విప్పాలో అతనికి చూడగానే తెలుస్తుంది.

మీ తాతయ్య