కంప్లైంట్ ఎందుకివ్వలేదు అంటున్నారు కదా, 2020 సంగతి చూడండి

విజయనగరం వైపు గేమింగ్ ఛానల్ నడుపుకునే ఒక డిగ్రీ అమ్మాయి లైవ్‌లోంచి ముక్కలు కత్తిరించి, పిచ్చి రాతలు రాసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతున్నారు, దాంతో ఆన్‌లైన్ ఆటల్లో అమ్మాయిల్ని వేధించడం మీద పాత గొడవ మళ్లీ రాజుకుంది. తిప్పేవాళ్లు అనేది రెండు ముక్కలు. పబ్లిక్‌లో పెట్టాక పడాలి, అంత బాధైతే అప్పుడే కంప్లైంట్ ఇచ్చి ఉండాల్సింది. ఆ రెండో మాటకే జవాబు కావాలి గనక పబ్జీ అనే ఫోన్ షూటింగ్ ఆట ఎలా వచ్చింది, డేటా ఎంత చవకైంది లాంటివి వదిలేస్తున్నా, అందరికీ తెలిసినవే.

అసలు మలుపు 2020. అంతకుముందు మన జిల్లాల్లో చాలా ఇళ్లలో ఫోన్ మగపిల్లాడిదే. రాజాం, చీపురుపల్లి వైపు కుర్రాళ్లు సాయంత్రమైతే అరుగు మీద కూర్చుని స్క్వాడ్, అంటే నలుగురు జట్టుగా, ఆడుకునేవాళ్లు, చెల్లెలికి అన్న ఫోన్ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు దొరికితే దొరికినట్టు. మార్చిలో లాక్‌డౌన్ పడి ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాక ఆడపిల్ల చేతికీ ఫోన్ వచ్చింది, కానీ ఎలా వచ్చిందో చూడండి, సిమ్ నాన్న పేరు మీద, మెయిల్ అన్నయ్యది, లాక్ ప్యాటర్న్ ఇంటిల్లిపాదికీ తెలుసు, క్లాసులకి తప్ప ముట్టకూడదని షరతు. అదే ఏడాది జూన్ 29న టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లు, సెప్టెంబర్ 2న పబ్జీ మొబైల్‌తో కలిపి ఇంకో 118 ఆపేశారు. వీడియోలు చేసుకునే అమ్మాయిలు యూట్యూబ్‌కి, రీల్స్‌కి మళ్లారు, ఆడేవాళ్లు పబ్జీ లాంటి ఇంకో ఆట ఫ్రీ ఫైర్‌కి పోయారు, కొందరు ఆడుతూనే లైవ్ పెట్టడం మొదలెట్టారు.

అక్కడ జరిగేది ఇదీ. అమ్మాయి మైక్ ఆన్ చేసి "ఏటి బాబూ, ఇటు రండి, ఇక్కడున్నారు" అంటే చాలు, ఆట పక్కకి పోద్ది. ఏ ఊరు, ఇన్‌స్టా ఐడీ చెప్పు, నంబరియ్యి. ఇవ్వకపోతే మన యాసని వెక్కిరిస్తారు, ఆటలో దెబ్బతిని నాక్ అయిపోతే జట్టువాళ్లే రివైవ్ చెయ్యరు, అంటే మళ్లీ లేపరు. లైవ్‌లో అయితే ఫేస్ రివీల్ ఎప్పుడు, మొహం ఎప్పుడు చూపిస్తావని చాట్ నిండిపోద్ది. అందుకే మైక్ మ్యూట్‌లో పెట్టి అబ్బాయి పేరుతో ఆడే అమ్మాయిలు ఉన్నారు. ఇంట్లో చెప్తే ముందు పోయేది వేధించినవాడి ఐడీ కాదు, ఈ పిల్ల ఫోన్. ఇంక కంప్లైంట్ ఎవరిస్తారు?

2014లో అమెరికాలో గేమర్‌గేట్ అనే ఆన్‌లైన్ వేధింపుల గొడవలో ఆటలు తయారుచేసే జోయి క్విన్‌ని, ఆటల్లో ఆడవాళ్లని చూపించే తీరుని విమర్శించిన అనీటా సర్కీసియన్‌ని ఇళ్లు వదిలి పోయేదాకా బెదిరించారు, కాబట్టి ఇది మన ఊళ్లలోనే ఉన్న జబ్బేం కాదు. కానీ వాళ్ల పేరు మీద వాళ్లు బయటికొచ్చి మాట్లాడగలిగారు, మన పిల్లకి ఆ దారి ఇంట్లోనే మూసుకుపోతోంది.

చట్టం లేక కాదు. వద్దన్నా ఆన్‌లైన్‌లో వెంటపడటం 2013 నుంచే నేరం, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. 2021 ఫిబ్రవరి ఐటీ రూల్స్‌లో నగ్న చిత్రాలు, మార్ఫింగ్ ఫోటోల మీద ఫిర్యాదొస్తే 24 గంటల్లో తీసెయ్యాలని పెట్టారు, 2026లో ఆ గడువు ఇంకా తగ్గించారు, కానీ ఇలా మామూలు లైవ్ ముక్కకి చెత్త రాత తగిలిస్తే అది ఆ గడువులోకి రావడం కష్టం. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చూపించి ఇక అన్నీ సర్దుకుంటాయి అంటున్నారు కొందరు, అది ప్రధానంగా డబ్బు పెట్టి ఆడే ఆటల మీద నిషేధం, మైక్‌లో తిట్టేవాడి కోసం రాసింది కాదు.

కంప్లైంట్ ఇప్పుడైనా ఇవ్వొచ్చు, స్టేషన్‌కి వెళ్లొచ్చు, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్ల మీద, పిల్లల మీద జరిగే నేరాలకి వేరే విభాగమే ఉంది. లింకులు, టైమ్ కనపడే స్క్రీన్‌షాట్లు, ఒరిజినల్ లైవ్ అన్నీ ఉంచుకోవాలి. పరువు పోతుందని ఇంట్లోవాళ్లు ముందు ఛానల్ డిలీట్ చేయించేస్తారు, దయచేసి ఆ పని చెయ్యకండి, దాంతోపాటు సాక్ష్యం కూడా పోద్ది.