మక్వారీ దీవి మొక్కలు, నేలలు: అపోహలు – వాస్తవాలు

చలి ప్రాంతాల మొక్కలను, వాటి నేలలను అధ్యయనం చేయడం నా వృత్తి. వాతావరణ మార్పు గురించి తరచుగా వినిపించే కొన్ని అపోహలను తొలగించడానికి దక్షిణ సముద్రంలో, ఆస్ట్రేలియాలోని టాస్మానియాకు ఆగ్నేయంగా దాదాపు 1,500 కిలోమీటర్ల దూరంలో ఉన్న మక్వారీ దీవిని మించిన ఉదాహరణ నాకు తెలియదు. 34 కిలోమీటర్ల పొడవున్న ఈ సన్నని దీవిలో ఒక్క చెట్టు కూడా లేదు.

అపోహ: చలి ప్రదేశం కాస్త వెచ్చబడితే మొక్కలకు మేలే.

వాస్తవం: ఏ మొక్కలకు మేలు అన్నదే అసలు ప్రశ్న. ఏడాది సగటు ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉండే ఈ దీవిలో, వెచ్చదనం మనుషుల వెంట వచ్చిన పరాయి గడ్డికి కలిసివస్తుంది. చలికి అలవాటుపడిన స్థానిక మొక్కలు ఇంకా పైకి జరుగుదామన్నా, ఇక్కడి అత్యున్నత శిఖరం 450 మీటర్లు కూడా లేదు.

అపోహ: వాన పెరిగిన చోట మొక్క ఎండిపోదు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఈ అపోహే. పీఠభూమి మీద గాలికి ఎదురొడ్డి, గులకరాళ్ల నేలలో అజొరెల్లా అనే మొక్క పచ్చని దిండులా పరచుకుని, ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లే పెరుగుతుంది. మన కొత్తిమీర, జీలకర్ర, వాము కుటుంబానికే చెందిన మొక్క ఇది. దాన్ని నిలువుగా కోసి చూస్తే పైన పలుచని పచ్చని పొర, దాని కింద రాలిపోకుండా కాడలను అంటిపెట్టుకున్న గోధుమరంగు పాత ఆకులు, స్పంజిలా నీరు పట్టి కనిపిస్తాయి. చుట్టూ ఉన్న నేలలో తేమ నిలవదు కనుక ఈ మొక్క తన మట్టిని తానే తయారుచేసుకుంటుంది. దానికి కావలసింది ఏడాది మొత్తం మీద కురిసే వాన లెక్క కాదు, తెరిపి లేని మంచు తుంపర, తడిగాలి. గత కొన్ని దశాబ్దాలలో ఇక్కడ వర్షపాతం పెరిగిన మాట నిజమే అయినా, గాలి వేగమూ ఎండ కాసే సమయమూ కూడా పెరగడంతో వేసవిలో ఆవిరైపోయే నీరు ఎక్కువైంది. 2008-09 వేసవిలో దీవి అంతటా ఈ దిండ్లు పసుపు రంగుకు తిరిగి, ఆపై గోధుమరంగులోకి మారి చనిపోవడం గమనించారు. నీటి కొరతతో నీరసించిన మొక్కను సూక్ష్మజీవులు కూడా దెబ్బతీశాయని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. 2010లో ఆస్ట్రేలియా ఈ జాతిని అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్నవాటిలో చేర్చింది.

అపోహ: కుందేళ్లు పోయాయి కనుక దీవికి ఇక ముప్పు లేదు.

వాస్తవం: 19వ శతాబ్దంలో సీల్ వేటగాళ్లు తెచ్చి వదిలిన కుందేళ్లు వాలులను కొరికి బోడి చేశాయి, మట్టిని పట్టి ఉంచే వేళ్లు లేక కొండచరియలు విరిగిపడ్డాయి. కుందేళ్ల, ఎలుకల బెడద పూర్తిగా తొలగిందని 2014లో ప్రకటించాక గుబురు గడ్డి, మక్వారీ క్యాబేజీ అనే వెడల్పాటి ఆకుల స్థానిక మొక్క ఎంతో చక్కగా కోలుకున్నాయి. అది నిజంగా గొప్ప విజయం. అయితే పీఠభూమి మీద ఎండుగాలిని ఏ నిర్మూలన పథకమూ ఆపలేదు.

అపోహ: చల్లని నేల నిర్జీవమైనది.

వాస్తవం: చలికి, తడికి కుళ్లడం మందగించడం వల్లనే లోయలలో పీట్ మట్టి, అంటే సగం కుళ్లిన మొక్కల పొర, మందంగా పేరుకుని, కర్బనాన్ని దాచి ఉంచుతుంది. ఆ మట్టిలో జీవం ఉంది, అది నెమ్మదిగా పనిచేస్తుంది. బూట్లకు అంటిన మట్టితో పాటు సూక్ష్మజీవులు, పరాయి గడ్డి గింజలు కూడా కొత్త చోటికి చేరగలవు. అందుకే ఇలాంటి దీవులలో ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లేముందు బూట్ల అడుగున అంటిన మట్టిని గీకి, కడిగి, పగుళ్లలో ఇరుక్కున్న గడ్డి గింజలను ఒక్కొక్కటిగా ఏరివేస్తాం.