నిద్రమాత్రలన్నీ ఒకే పని చేయవు

అపోహ: ఒరెక్సిన్ అనే మెదడు రసాయనాన్ని అడ్డుకునే కొత్త మందులంటే పాత నిద్రమాత్రలే, పేరు మారిందంతే.

కాదు. జోల్పిడెం, అల్ప్రజోలం వంటివి గాబా అనే రసాయనం ప్రభావాన్ని పెంచి మెదడును మందగింపజేస్తాయి. ఒరెక్సిన్‌ను అడ్డుకునే సువోరెక్సాంట్, లెంబోరెక్సాంట్, డారిడోరెక్సాంట్ దారి వేరు. మెదడులో హైపోథాలమస్ అనే భాగంలోని కొద్దిపాటి నాడీకణాలు విడుదల చేసే ఒరెక్సిన్ మనల్ని మెలకువగా ఉంచుతుంది. 1998లో రెండు బృందాలు విడివిడిగా కనుగొనడంతో దానికి హైపోక్రెటిన్ అనే పేరు కూడా మిగిలింది. ఈ మందులు దాని గ్రాహకాలను, అంటే అది కణాలపై అతుక్కునే చోట్లను, ఆక్రమించి మెలకువ పట్టు సడలిస్తాయి, అంతే.

అపోహ: మింగగానే మత్తు కమ్మేయాలి.

నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది తడబడేది ఇక్కడే. మత్తు కమ్మినట్టు అనిపించక, పనిచేయలేదనుకుని ఇంకో మాత్ర వేసుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. సువోరెక్సాంట్ రాత్రికి ఒక్కసారే, పడుకునే ముందు అరగంటలోపు, లేవడానికి కనీసం 7 గంటల వ్యవధి ఉంటేనే వేసుకోవాలి. 20 మిల్లీగ్రాములు దాటకూడదు. 'పనిచేయలేదు డాక్టరుగారూ' అంటే నేను మొదట అడిగేది భోజనం ఎప్పుడు చేశారని. కడుపు నిండా తిన్న వెంటనే వేసుకుంటే మందు ఆలస్యంగా పనిచేస్తుంది.

అపోహ: తెల్లవారేసరికి ఒంట్లోంచి పోతుంది.

సువోరెక్సాంట్ సగానికి తగ్గడానికే సుమారు 12 గంటలు పడుతుంది. లెంబోరెక్సాంట్‌కు ఇంకా ఎక్కువ. పొద్దున మగతగా ఉంటే బండి నడపవద్దు. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, కొన్ని ఫంగస్ మందులు వీటి స్థాయిని రక్తంలో పెంచేస్తాయి. మద్యంతో కలిపితే మరీ ప్రమాదం.

అపోహ: అలవాటు కాదు కాబట్టి భయం లేదు.

సగమే నిజం. మానేసినప్పుడు పాత మాత్రలంత ఇబ్బంది సాధారణంగా కనిపించదు. అయినా అమెరికా వీటిని నియంత్రిత మందుల జాబితాలోనే ఉంచింది. కుంగుబాటు ఉన్నవారిలో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశముంది కనుక ఆ సంగతి ముందే చెప్పాలి. ఈ మందులు వాడే కొందరికి మెలకువ వచ్చినా కాసేపు కాలూచేయీ కదలవు, నోట మాట రాదు. గదిలో ఎవరో నిలబడినట్టు కనిపించవచ్చు. ఇది దయ్యమూ కాదు, పిచ్చీ కాదు. ఒరెక్సిన్ కణాలు నశించిపోతే వచ్చే నార్కోలెప్సీ అనే, పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బులోనూ ఇవే లక్షణాలు. అందుకే ఆ జబ్బు ఉన్నవారికి ఈ మందులు నిషిద్ధం.

అపోహ: మందు ఉండగా కౌన్సెలింగ్ ఎందుకు?

దీర్ఘకాలిక నిద్రలేమికి మొదటి చికిత్స మాత్ర కాదు, నిద్ర అలవాట్లనూ ఆలోచనలనూ సరిదిద్దే ప్రవర్తనా చికిత్సే. నేనైతే దాన్ని ప్రయత్నించకుండా చీటీ రాయను.