రక్తకణాలకూ షిఫ్టులున్నాయి

రాత్రి డ్యూటీ చేసేవారికి అర్ధరాత్రి దాకా ఎలాగో గడిచిపోతుంది; తెల్లవారుజామున నాలుగింటికే అసలు కష్టం మొదలవుతుంది. అప్పుడు ఒళ్లు చలికి ముడుచుకుపోవడం, కళ్లు మండడం, రోజూ చేసే లెక్కే తప్పిపోవడం బద్ధకం వల్ల కాదు. శరీర ఉష్ణోగ్రత రోజు మొత్తంలో బాగా పడిపోయేది దాదాపు ఆ వేళల్లోనే.

ఈ హెచ్చుతగ్గులను నడిపించేది మెదడులోని సుమారు 20,000 నాడీకణాల చిన్న ముద్ద; అదే మన శరీర గడియారం. కంట్లో పడే వెలుతురును బట్టి అది రోజూ తన సమయాన్ని సరిచేసుకుంటుంది. కణం లోపల ఆ గడియారం ఎలా నడుస్తుందో పండ్ల ఈగలలో కనుగొన్నందుకు 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు నోబెల్ బహుమతి దక్కింది. తెల్ల రక్తకణాలలోనూ అలాంటి గడియారమే ఉంది. రక్తంలో టీ కణాల (వ్యాధులతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాల) సంఖ్య రాత్రి పెరిగి, ఉదయం కార్టిసాల్ హార్మోను ఎక్కువయ్యే వేళకు తగ్గుతుంది. అంటే మనకు కాపలా కాసేవారూ షిఫ్టుల్లోనే పనిచేస్తారు, కాకపోతే వారి డ్యూటీ చార్టు యాజమాన్యం చేతిలో లేదు.

కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు 2016లో వెల్లడించిన ప్రయోగంలో, విశ్రాంతి వేళ మొదలయ్యే సమయంలో హెర్పిస్ వైరస్ సోకిన చిట్టెలుకలలో ఆ వైరస్, పది గంటల తరువాత సోకినవాటిలో కన్నా 10 రెట్లు ఎక్కువగా పెరిగింది. కణ గడియారానికి కీలకమైన జన్యువును తొలగించిన ఎలుకలలో మాత్రం ఏ వేళ సోకినా వైరస్ విజృంభించింది. ఎలుక మనిషి కాదు, నిజమే. అయినా వారం వారం షిఫ్టు మారేవారి విషయంలో దీన్ని తేలిగ్గా తీసుకోలేము.

దీనికి నిద్రలేమి తోడవుతుంది. డ్యూటీ దిగి ఎండలో ఇల్లు చేరేసరికి మెదడు దాన్ని పగలుగానే లెక్కిస్తుంది కనుక, కిటికీలు మూసి పడుకున్నా నాలుగైదు గంటలకే మెలకువ వచ్చేస్తుంది. 164 మంది నిద్రను వారం పాటు కొలిచి, ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూసిన 2015 నాటి అధ్యయనంలో, 7 గంటలకు పైగా నిద్రపోయినవారితో పోలిస్తే 6 గంటలు కూడా నిద్రపోనివారికి జలుబు చేసే అవకాశం 4 రెట్లకు పైగా కనిపించింది.

నెపమంతా గడియారం మీదే వేయడం సరికాదు: రాత్రంతా రోగుల మధ్య తిరిగే నర్సుకు వైరస్‌లు ఎదురయ్యే అవకాశమే ఎక్కువ. కానీ టీకా విషయంలో ఆ వాదన నిలవదు. కొన్నాళ్లు రాత్రికి 4 గంటలే నిద్రపోనిచ్చి ఫ్లూ టీకా వేసిన యువకులలో, పది రోజుల తరువాత చూస్తే, మామూలుగా నిద్రపోయినవారిలో ఉన్న యాంటీబాడీలలో సగం కూడా తయారు కాలేదని 2002లో తేలింది. అందుకే, వీలుంటే, నైట్ డ్యూటీ దిగి నేరుగా టీకాకు వెళ్లడం కన్నా, రెండు మూడు రాత్రులు కంటినిండా నిద్రపోయాక వెళ్లడమే మేలని నాకు తోస్తుంది.