ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చదివాక ఉద్యోగాలు: అపోహలు - వాస్తవాలు

ఫలితాలొచ్చే రోజుల్లో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పూర్తి చేసిన పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. మొదట కన్సల్టెన్సీలో ఈఐఏ (ప్రాజెక్టు వల్ల పర్యావరణానికి ఏమవుతుందో ముందే అంచనా వేసే) రిపోర్టుల మీద, తర్వాత ఫార్మా ఫ్యాక్టరీ ఈహెచ్ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత) విభాగంలో పనిచేసినదాన్ని కాబట్టి తెలిసినంతలో చెబుతుంటాను. ముందు ఒక మాట. 'పర్యావరణం' అని బోర్డు ఉన్నచోట ఉద్యోగాలు కొన్నే. చట్టం ఏదైనా కొలిచి చూపించమన్న ప్రతిచోటా మన పని ఉంది.

అపోహ: ఈవీఎస్ అంటే డిగ్రీలో అందరూ రాసి గట్టెక్కే పేపరే కదా, దానికి ఉద్యోగమేంటి?

ఆ పేపర్ వేరు, ఈ చదువు వేరు. ఎం.సి. మెహతా కేసులో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణ పాఠం అందరికీ తప్పనిసరి చేయమంది. దాని వల్లే డిగ్రీల్లోకి ఆరు నెలల కోర్సు వచ్చింది. బీఎస్సీ, ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో చదివేది కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్, చట్టాలు, జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు వేసి విశ్లేషించడం). బంధువులకు ఈ తేడా తెలియకపోయినా ఫర్వాలేదు, రెజ్యూమె రాసేటప్పుడు మీకు తెలియాలి. అక్కడ 'ఎన్విరాన్‌మెంట్ అంటే ఇష్టం' అని కాకుండా ఏ పరీక్షలు చేతులతో చేశారో రాయండి.

అపోహ: ఈ డిగ్రీ ఉంటే ఫారెస్ట్ ఆఫీసర్ అయిపోవచ్చు

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. యూపీఎస్సీ ఐఎఫ్ఎస్ (ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్) పరీక్షకు డిగ్రీలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం, గణితం, భూగర్భశాస్త్రం, స్టాటిస్టిక్స్, పశుసంవర్ధక-పశువైద్య శాస్త్రం వీటిలో ఒక్కటైనా ఉండాలి. లేదంటే అగ్రికల్చర్, ఫారెస్ట్రీ, ఇంజినీరింగ్ డిగ్రీ కావాలి. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఆ జాబితాలోనే లేదు. బీఎస్సీలో పక్కన కెమిస్ట్రీయో బోటనీయో ఉంటే ఇబ్బంది లేదు. కాబట్టి ఇంటర్ అయి గ్రూపు ఎంచుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది ఇప్పుడే చూసుకోవాలి.

పొల్యూషన్ కంట్రోల్ బోర్డు సంగతీ ఇలాంటిదే. ఏఈఈ (అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్) పోస్టులు ఇంజినీరింగ్ చదివినవాళ్లకు. ఎమ్మెస్సీ వాళ్లు చూసుకోవాల్సింది ల్యాబ్ వైపు ఉండే అనలిస్ట్ పోస్టులు. నోటిఫికేషన్లు ఎప్పుడో ఒకసారి పడతాయి. వాటి కోసమే ఏళ్ల తరబడి గదిలో కూర్చోవద్దని గట్టిగా చెబుతాను. పనిచేస్తూ చదవండి.

అపోహ: ఈఐఏ రిపోర్టులంటే కాపీ పేస్ట్. ఫీల్డ్ పని కొత్తవాళ్లకు మాత్రమే

కాపీ కొట్టిన రిపోర్టులు ఉన్నాయి, కాదనను. కానీ 2006 ఈఐఏ నోటిఫికేషన్ కింద వచ్చే పెద్ద ప్రాజెక్టుకు వర్షాకాలం కాని ఒక సీజన్ మొత్తం గాలి, నీరు, నేల, శబ్దం కొలవాలి. గాలి సంగతే చూడండి. ఊళ్లో బడి డాబా మీద శాంప్లర్ (గాలిని లాగి దుమ్మును ఫిల్టర్ పేపర్ మీద పట్టే యంత్రం) పెడతాం. ఫిల్టర్ పేపర్‌ను డెసికేటర్‌లో (తేమ తీసేసే పాత్రలో) ఉంచి, తూచి, కవర్లో పెట్టి తీసుకెళ్తాం. ఎనిమిదేసి గంటలకు పేపర్ మారుస్తూ రోజంతా నడపాలి. రాత్రి పదింటికి ఎవరో ఒకరు టార్చిలైటు పట్టుకుని డాబా ఎక్కాల్సిందే. మధ్యలో కరెంటు పోయి మోటారు గంటసేపు ఆగిందనుకోండి. ఆ గంట రాసుకోకపోతే లాగిన గాలి లెక్క ఎక్కువై, దుమ్ము తక్కువ చూపిస్తుంది. ఊరి గాలి ఉన్నదానికన్నా శుభ్రంగా కనిపిస్తుంది. పీఎం 10కి (10 మైక్రాన్లు, అంతకన్నా సన్నని దుమ్ముకు) 24 గంటల పరిమితి ఘనమీటరు గాలికి 100 మైక్రోగ్రాములు. రిపోర్టులో 92 అని ఉంటే, ఆ 92 ఎలా వచ్చిందో పేపర్ నంబరుతో సహా చెప్పగలిగినవాళ్లకే ఈ రంగంలో విలువ. డాబా ఎక్కనివాళ్లు సీనియర్లయ్యాక ఈ తప్పును పట్టుకోలేరు.

అపోహ: సోషల్ సైన్స్ వైపు నుంచి వచ్చినవాళ్లకు, తెలుగు మీడియం వాళ్లకు చోటు లేదు

ఈఐఏ బృందంలో సామాజిక-ఆర్థిక నిపుణులు కూడా ఉండి తీరాలి. ప్రజాభిప్రాయ సేకరణకు ముందు రిపోర్టు సారాంశం స్థానిక భాషలో కూడా ఇవ్వాలి. నేను చూసిన చాలా తెలుగు సారాంశాలు రైతు చదివితే ఒక్క ముక్క అర్థం కానివే. బోరు నీళ్లకు ఏమవుతుందని సభలో ఒక పెద్దాయన లేచి అడిగితే, ఆయనకు తెలిసే మాటల్లో నిజం చెప్పగలిగే మనిషి కావాలి. అలాంటివాళ్లు చాలా తక్కువ. మీ తెలుగు బాగుంటే సిగ్గుపడకుండా దాన్ని రెజ్యూమెలో రాసుకోండి.

అపోహ: ఫ్యాక్టరీలో చేరితే కాలుష్యానికి కొమ్ము కాసినట్టే

ఈ మాట నన్ను నిజంగా బాధపెడుతుంది. పటాన్‌చెరు, జీడిమెట్ల, పరవాడ లాంటి చోట్ల ఫార్మా వ్యర్థజలాలను రెండుగా విడదీయాలి. ఉప్పు, సీఓడీ (నీళ్లలోని రసాయన కాలుష్యపు కొలత) ఎక్కువున్నవి సాల్వెంట్లు తీసేసే స్ట్రిప్పర్‌కు, అక్కడి నుంచి నీటిని ఆవిరి చేసే ఎంఈఈకి వెళ్తాయి. తక్కువున్నవి బాక్టీరియాతో శుద్ధి చేసే బయలాజికల్ ట్యాంకుకు. ప్రొడక్షన్ తొందరలో ఎవరైనా రెండూ కలిపేస్తే ట్యాంకులో బాక్టీరియా చచ్చిపోతుంది, మళ్లీ నిలదొక్కుకోవడానికి వారాలు పడుతుంది. అప్పుడు వాల్వు దగ్గర నిలబడి 'ఇది ఇటు రాకూడదు' అనేది ఈహెచ్ఎస్ మనిషే. కింద చెరువు బాగుండటం ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉంటుంది.

ఒత్తిడి ఉంటుంది. 'నంబరు కాస్త సర్దండి' అని మిమ్మల్నీ అడుగుతారు. సంతకం పెట్టకండి. పెడితే ఆ నంబరు మీ పేరు మీదే ఉండిపోతుంది.

అపోహ: ఇప్పుడంతా ఈఎస్‌జీయే (కంపెనీల పర్యావరణ, సామాజిక, పాలన లెక్కలే), ల్యాబ్ పని పాతబడింది

మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకు 2022-23 నుంచి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఈ లెక్కలు చూపించే బీఆర్ఎస్ఆర్ రిపోర్టు తప్పనిసరి చేసింది. అందుకే ఈ ఉద్యోగాలు పెరిగాయి, జీతాలూ బాగున్నాయి. కానీ ఆ ఎక్సెల్ షీటులో నీళ్ల వాడకం, డీజిల్, వ్యర్థాల అంకెలన్నీ ప్లాంటు నుంచే వస్తాయి. మీటరు ఎలా ఉంటుందో తెలియకుండా వాటిని పరిశీలించలేరు.

అపోహ: మార్కులు, సర్టిఫికెట్లు ఉంటే చాలు

ఇంటర్వ్యూల్లో నేను అడిగేవి చిన్న ప్రశ్నలే. బీఓడీ (నీళ్లలోని మలినాన్ని తినడానికి బాక్టీరియాకు ఎంత ఆక్సిజన్ కావాలో చూసే పరీక్ష) ఎన్ని రోజులు, ఎంత వేడిలో పెడతారు? పుస్తకంలో చదివినవాళ్లు 20 డిగ్రీలు, ఐదు రోజులంటారు. ల్యాబ్‌లో పనిచేసినవాళ్లు మన దగ్గర 27 డిగ్రీలు, మూడు రోజులని చెబుతారు. రెండూ చెప్పి తేడా ఎందుకో వివరించినవాళ్లను వెంటనే తీసుకుంటాను. ఫారం 5 (ఫ్యాక్టరీ ఏటా పొల్యూషన్ బోర్డుకు ఇచ్చే పర్యావరణ నివేదిక) ఎప్పటిలోగా వేయాలి? సెప్టెంబరు 30. సీఎఫ్ఈ, సీఎఫ్ఓ తేడా ఏమిటి? మొదటిది ఫ్యాక్టరీ కట్టడానికి, రెండోది నడపడానికి బోర్డు ఇచ్చే అనుమతి. క్యూజీఐఎస్‌లో మీ ఊరి మ్యాపు వేసి చూపించగలరా? అది మ్యాపులు వేసే ఉచిత సాఫ్ట్‌వేర్, ఇస్రో వారి భువన్ వెబ్‌సైట్‌లో ఉపగ్రహ చిత్రాలూ దొరుకుతాయి.

మొదటి జీతం తక్కువే ఉంటుంది, అది దాచను. కాబట్టి చివరి సెమిస్టర్ సెలవుల్లోనే ఏదైనా ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌ల నాణ్యతను పరీక్షించే సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్ సంపాదించుకోండి. ఏ పరీక్ష, ఏ తేదీన, ఏ శాంపిల్ మీద చేశారో నోట్‌బుక్‌లో రాసుకుని ఇంటర్వ్యూకి అదే పట్టుకుని రండి.