హార్మోన్ మాత్ర చోటులోకి తేనె ఎలా వచ్చింది?

ముట్లు ఆగిపోయాక వచ్చే వేడి ఆవిర్లకు "హార్మోన్లెందుకు, తేనె చాలు" అనే మాట ఇప్పుడు తరచూ వినబడుతోంది. తేనె పాతదే, ఈ మాటే కొత్తది. 2002లో మధ్యలో ఆగిపోయిన ఒక పరీక్ష లేకపోతే దీనికి ఇంత గిరాకీ ఉండేది కాదు.

చూడి గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్ (స్త్రీ హార్మోన్) మాత్ర ప్రెమారిన్‌కు అమెరికాలో 1942లో అనుమతి వచ్చింది. 1960ల్లో దాన్ని వయసు నిలిపే మందుగా అమ్మారు. ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడినవాళ్లలో గర్భసంచి లోపొర క్యాన్సర్ పెరుగుతోందని 1975లో బయటపడింది. ఈస్ట్రోజెన్ ఆ పొరను మందంగా పెంచుతూ పోతుంది, ప్రొజెస్టిన్ అనే మరో హార్మోన్ మందు దానికి అడ్డుకట్ట వేస్తుంది. అందుకే గర్భసంచి ఉన్నవాళ్లకు రెండూ కలిపి ఇవ్వడం మొదలైంది.

ఆ జోడీ మాత్రనే విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే అమెరికా అధ్యయనం 16,608 మందిపై పరీక్షించింది. సగటున 5.2 ఏళ్లకే, 2002 జూలైలో ఆపేసింది. "రొమ్ము క్యాన్సర్ 26 శాతం ఎక్కువ" అన్న వార్త ప్రపంచమంతా పాకింది. ఆ శాతాన్ని విప్పితే, ఏడాదికి 10,000 మందిలో 30 కేసులకు బదులు 38. పక్షవాతం, రక్తపు గడ్డలు కూడా పెరిగాయి, తుంటి ఎముక విరగడం తగ్గింది. పాల్గొన్నవాళ్ల సగటు వయసు 63. ఆవిర్లతో నిద్రపట్టక డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అంతకంటే పదేళ్లు చిన్న. ఆవిర్లు బాధిస్తుంటే, 60 ఏళ్లలోపు లేదా ముట్లాగిన పదేళ్లలోపు మొదలుపెట్టిన చాలామందికి నష్టం కంటే లాభమే ఎక్కువని తర్వాత తేల్చారు. భయం అప్పటికే పాతుకుపోయింది. సోయా, బ్లాక్ కోహోష్ అనే మూలిక జోరందుకున్నాయి, వాటి వెనకే తేనె.

తేనె తరఫున మొదట చూపేది 2010 నాటి మలేసియా ప్రయోగం. అండాశయాలు తీసేసిన ఎలుకలకు తువాలాంగ్ అనే అక్కడి అడవి తేనె పెడితే గర్భసంచి కుంచించుకుపోవడం తగ్గింది. 2011లో అక్కడే 102 మంది మహిళలతో ఇంకొకటి చేశారు. రోజుకు 20 గ్రాముల తేనె 16 వారాలు తిన్నవాళ్లు, చదివి వినిపించిన పదాలను వెంటనే తిరిగి చెప్పడంలో హార్మోన్ వాడినవాళ్లలాగే మెరుగుపడ్డారు. "తేనె హార్మోన్‌తో సమానం" అనే ప్రచారం ఇలాంటి ఫలితాలనే పట్టుకుంది. పరీక్షించింది పదాల జ్ఞాపకాన్ని, ఆవిర్లను కాదు.

2015లో వచ్చిన జర్మన్ పరీక్ష ఇంకా చిత్రం. రొమ్ము క్యాన్సర్‌కు హార్మోన్ నిరోధక మందులు వాడుతున్న 46 మందిపై పుప్పొడిని పరీక్షించారు. పుప్పొడి తేనె, ఉత్త తేనె రెండూ ఒకరికే ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చే పద్ధతి అది. పుప్పొడి కలిపిన తేనెతో 31 మందిలో 22 మందికి, ఉత్త తేనెతో 41 మందిలో 28 మందికి ఉపశమనం దక్కింది. ఇందులో ఉత్త తేనె పోలిక కోసం పెట్టిన డమ్మీ మందు! డమ్మీ కూడా పనిచేసిందన్నారు పరిశోధకులు. కానీ ఏమీ తీసుకోని గుంపు లేనప్పుడు, ఆ ఉపశమనం తేనెదో నమ్మకానిదో విడదీయలేం. వేడి ఆవిర్లు డమ్మీ మాత్రకు కూడా గణనీయంగా తగ్గుతాయి.

క్వెర్సెటిన్, కెంఫెరాల్ లాంటి ఫ్లేవనాయిడ్లు (ఈస్ట్రోజెన్‌ను కొంత అనుకరించగల మొక్కల పదార్థాలు) తేనెలో ఉన్నమాట నిజం. 100 గ్రాములకు అవి కొద్ది మిల్లీగ్రాములే, అదీ ఏ పువ్వు తేనె అన్నదాన్ని బట్టి మారుతుంది. రొమ్ము క్యాన్సర్ కణాలపై గ్రీకు తేనెలను పరీక్షిస్తే, ఒక మోతాదులో ఈస్ట్రోజెన్‌ను అడ్డుకున్నది మరో మోతాదులో దాన్ని అనుకరించింది. ఆ క్యాన్సర్ వచ్చినవాళ్లు తేనెను మందులా మోతాదు కట్టి తినే ముందు తమ డాక్టరుకు చెప్పాలి.

20 గ్రాములంటే నిండా ఒక పెద్ద చెంచా. అందులో 60 క్యాలరీలు, 16 గ్రాముల చక్కెర. ప్రపంచ ఆరోగ్య సంస్థ తేనెను చక్కెర ఖాతాలోనే వేస్తుంది. రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలంటుంది. ఇక ఎముకల సంగతి: యాభై దాటిన మహిళకు రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలంటారు, ఆ చెంచాలో ఉండేది సుమారు ఒక మిల్లీగ్రాము.

హార్మోన్ పడనివాళ్లకు పరీక్షకు నిలిచిన మందులు ఇప్పుడు ఉన్నాయి. ఆవిర్ల కోసం అమెరికాలో 2013లో డిప్రెషన్ మందు పారోక్సిటిన్ 7.5 మిల్లీగ్రాముల మోతాదుకు, 2023లో ఫెజోలినెటాంట్‌కు అనుమతి ఇచ్చారు. మొదటిది రొమ్ము క్యాన్సర్ మందు టామోక్సిఫెన్ పనిని దెబ్బతీస్తుంది, రెండోది వాడేటప్పుడు లివర్ పరీక్షలు తప్పనిసరి.