బ్రేక్ లివర్‌లో సూదిబెజ్జం

నా మౌంటెన్ బైక్ ముందు చక్రం పొద్దున పూట బాగానే తిరిగేది. చేత్తో ఒక్కసారి తిప్పి వదిలితే చాలాసేపు ఆగేది కాదు. అదే బండిని మధ్యాహ్నం ఎండలో గంటసేపు నిలబెట్టి వచ్చి చూస్తే, రెండు చుట్లు తిరగకుండానే కరకరమంటూ ఆగిపోయేది. బ్రేక్ నేను పట్టలేదు, దానంతటదే పట్టుకుంది. సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ మామూలే.

మొదట డిస్క్, అంటే చక్రంతో పాటు తిరిగే లోహపు పళ్లెం, వంగిందనుకున్నాను. వంగితే పొద్దున కూడా రాసుకోవాలి కదా! చక్రం దగ్గర డిస్క్‌ను రెండు వైపులా పట్టే కాలిపర్‌లో పిస్టన్లు అంటుకుపోయాయేమోనని, అవి డిస్క్‌కు అదిమే ప్యాడ్లు తీసి, తుడిచి, మళ్లీ పెట్టాను. తేడా లేదు. ఇక మిగిలింది హ్యాండిల్ దగ్గర వేలితో లాగే లివర్. దాన్ని నేను అసలు అనుమానించలేదు. ఆ చివర ప్యాడ్లు పట్టేస్తుంటే ఈ చివర లివర్‌కు ఏం సంబంధం? అయితే ఒక విషయం మాత్రం కనిపిస్తూనే ఉంది. వదలగానే టక్కున వెనక్కి రావాల్సిన లివర్ బద్ధకంగా, ఏదో ఆలోచించుకుంటున్నట్టు వస్తోంది. విప్పి చూద్దామనుకున్నాను.

లివర్ అంటే వేలు వేసి లాగే ఆ కొక్కెం ఒక్కటే కాదు. దాని వెనక బొటనవేలంత గొట్టం ఉంటుంది, అదే మాస్టర్ సిలిండర్. అందులో సుమారు 10 మిల్లీమీటర్ల వ్యాసమున్న పిస్టన్ ఉంటుంది. లివర్ లాగితే పిస్టన్ ముందుకు జరిగి ఆయిల్‌ను నెడుతుంది. ఆ ఒత్తిడి సన్నటి హోస్ గుండా కాలిపర్‌కు చేరి, అక్కడి పెద్ద పిస్టన్లతో ప్యాడ్లను డిస్క్‌కు అదిమిస్తుంది.

ఎంత బలంగా అదుముతుందో ఒక చిన్న లెక్క వేద్దాం. వేలితో 60 న్యూటన్ల బలం పెట్టామనుకోండి. అంటే 6 కిలోల బరువు మోసినంత. లివర్ దాన్ని 6 రెట్లు చేస్తే పిస్టన్ మీద 360 న్యూటన్లు పడుతుంది. 10 మిల్లీమీటర్ల పిస్టన్ మీద ఆ బలం సుమారు 46 బార్ల ఒత్తిడిగా మారుతుంది. గాలి నింపిన కారు టైరులో ఉండేది రెండున్నర బార్లకు అటూ ఇటూ! కాలిపర్‌లో 22 మిల్లీమీటర్ల పిస్టన్ ఉంటే అదే ఒత్తిడి దాన్ని దాదాపు 1740 న్యూటన్లతో నెడుతుంది. ఒక్క వేలితో పని మొదలుపెడితే, చివర్లో డిస్క్‌కు ఒక్కో వైపు 175 కిలోల బరువు ఒరిగినట్టన్నమాట.

ఇందులోని సూత్రం మనం బళ్లో చదువుకున్నదే. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని వైపులకూ అంతే ఒత్తిడిగా పాకుతుంది. బ్లెయిజ్ పాస్కల్ దీన్ని వివరించిన రచన ఆయన చనిపోయిన మరుసటి ఏడాది, 1663లో అచ్చయింది. చిన్న మూతి దగ్గర ఒక మనిషి నెడితే, దానికి వందరెట్లు పెద్దదైన మూతి దగ్గర వందమంది నెట్టినంత బలం వస్తుందని అందులోనే ఉంది. కానీ ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్‌కు పేటెంట్ తీసుకున్నది 1795లో. సూత్రం తెలిశాక కూడా నూటముప్పై ఏళ్లు! పెద్ద అడ్డంకి లీకు. పిస్టన్ వదులుగా ఉంటే నీళ్లు పక్కనుంచి తన్నుకొస్తాయి. బిగుతుగా ఉంటే పిస్టనే కదలదు. దీనికి విరుగుడు కనిపెట్టిన ఘనత బ్రామా దగ్గర పనిచేసిన హెన్రీ మౌడ్‌స్లేకు ఇస్తారు. ఆయన పెట్టింది కప్పులా వంచిన తోలు వాషర్. ఒత్తిడి పెరిగేకొద్దీ కప్పు అంచులు విచ్చుకుని గొట్టం గోడను మరింత గట్టిగా పట్టుకుంటాయి. ఒత్తిడి పోగానే పట్టు వదిలేస్తాయి. పాతకాలం సైకిల్ పంపు విప్పి చూసినవాళ్లకు ఈ తోలు కప్పు బాగా తెలుసు.

నా లివర్‌లో ఉన్నదీ అదే కప్పు. తోలు బదులు రబ్బరు, అంతే.

విప్పే పనిలో అసలు జాగ్రత్తంతా ఆయిల్ దగ్గరే. ఒక్క చుక్క ప్యాడ్ల మీద పడినా అవి పనికిరాకుండా పోవచ్చు, అందుకే ముందు చక్రాన్నీ ప్యాడ్లనూ తీసి వేరే గదిలో పెట్టాను. నాది డాట్ రకం ఆయిల్ వాడే బ్రేక్. అది పెయింట్‌ను తినేస్తుంది, చర్మానికీ కంటికీ మంచిది కాదు. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. తర్వాత హోస్ విప్పి, లోపలి ఆయిల్‌ను ఒక గాజు గ్లాసులోకి వంచాను.

దొంగ దొరికింది అక్కడే. కాసేపాగి చూస్తే గ్లాసులో రెండు పొరలు! కింద లేత పసుపు, పైన పలుచగా గులాబీ రంగు. రెండూ కలవడం లేదు, నీళ్ల మీద నూనె తేలినట్టు విడిగా ఉన్నాయి. చూడగానే గుర్తొచ్చింది. కొన్నాళ్ల క్రితం ఆయిల్ తగ్గిందని, ఇంకో బండికి కొన్న సీసాలో మిగిలింది కొంచెం పోశాను. అది మినరల్ ఆయిల్. ఏ ఆయిలైతేనేం అనుకున్నాను. తప్పు పూర్తిగా నాదే.

డాట్ ఆయిల్ గ్లైకాల్ జాతిది. దానికి వాడే సీళ్లు, అంటే లీకు ఆపే ఇలాంటి కప్పులూ రింగులూ, సాధారణంగా ఈపీడీఎం అనే రబ్బరువి. మినరల్ ఆయిల్ పెట్రోలియం జాతిది, దానికి నైట్రైల్ లాంటి వేరే రబ్బరు కావాలి. ఈపీడీఎంకు మినరల్ ఆయిల్ తగిలితే రబ్బరు దాన్ని పీల్చుకుని, నీళ్లలో నానిన శనగగింజలా ఉబ్బుతుంది. లివర్ పిన్ను తీసి, పిస్టన్ బయటికి రాకుండా ఆపే సర్‌క్లిప్ అనే రింగును సన్నమూతి పట్టకారుతో విప్పి, పిస్టన్‌ను మెల్లగా బయటికి లాగితే కనిపించింది కూడా అదే. పిస్టన్ తల దగ్గరి కప్పు సీల్ ఉబ్బి, అంచులు మెత్తబడి, గోరు తగిలితే గుంట పడుతోంది. సర్‌క్లిప్ విప్పేటప్పుడు దాని వెనక స్ప్రింగ్ ఉందని మర్చిపోకండి. నేను మర్చిపోలేదు కానీ చేయి మర్చిపోయింది. బల్ల కింద పావుగంట వెతుక్కోవాల్సి వచ్చింది.

సీల్ ఉబ్బితే లివర్ బద్ధకించడం సరే. మరి ఎండలో చక్రం బిగుసుకోవడమేమిటి? జవాబు సిలిండర్ గోడలో ఉంది. టార్చి వేసి లోపలికి చూస్తే, పైన ఆయిల్ గిన్నెలోకి తెరుచుకునే సూదిబెజ్జమంత రంధ్రం కనిపిస్తుంది. లివర్ వదిలి ఉన్నప్పుడు కప్పు సీల్ ఈ రంధ్రానికి వెనక ఆగుతుంది. అప్పుడు హోస్, కాలిపర్, గిన్నె అన్నీ ఒకే నీటిమట్టంలా కలిసి ఉంటాయి. లివర్ లాగడం మొదలుపెట్టగానే సీల్ ఆ రంధ్రాన్ని దాటుతుంది, గిన్నెకు దారి మూసుకుంటుంది. అక్కడి నుంచే ఒత్తిడి పుడుతుంది. లివర్ మొదట్లో కొద్దిగా ఉత్తినే కదిలినట్టుంటుందే, అందులో కొంత భాగం ఈ రంధ్రం దాటడానికి పోయేదే.

బ్రేక్ వదిలినప్పుడు ఈ రంధ్రం రెండు పనులు చేస్తుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ కాలిపర్ పిస్టన్లు ముందుకు వస్తాయి. వాటి వెనక పెరిగిన ఖాళీ నింపడానికి గిన్నెలోంచి ఆయిల్ దిగుతుంది. ఆయిల్ వేడెక్కి వ్యాకోచిస్తే అదనపు ఆయిల్ ఇటు నుంచే పైకి వచ్చేస్తుంది. గిన్నె మూత కింద మడతల రబ్బరు పొర ఒకటుంటుంది. ఆయిల్ తగ్గితే అది కిందికి సాగి, ఆయిల్‌కు గాలి తగలనివ్వదు. బండిని తలకిందులు చేసినా బ్రేక్‌లోకి గాలి పోకుండా కాపాడేది ఈ పొరే. చూడ్డానికి అణాకానీ సరుకులా ఉంటుంది గానీ, నాకు లివర్ మొత్తంలో ఎక్కువ ముచ్చటేసింది దీన్ని చూసే.

నా సీల్ ఉబ్బి, వెనక్కి పూర్తిగా వెళ్లలేక, ఆ రంధ్రం మీదే తిష్ఠ వేసింది. దాంతో లోపలి ఆయిల్ బందీ అయింది. ఇక ఎండ పని చూడండి. రంధ్రానికి ఇవతల 6 మిల్లీలీటర్ల ఆయిల్ ఉందనుకుందాం. ఇలాంటి ద్రవాలు ఒక్కో డిగ్రీకి ఉజ్జాయింపుగా పదివేలింట 8 వంతులు పెరుగుతాయి. 35 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది 0.17 మిల్లీలీటర్లు. మూడు నాలుగు చుక్కలు! ఆ చుక్కలకు పోవడానికి దారి లేక రెండు కాలిపర్ పిస్టన్లను నెడితే, ఒక్కోటి 0.22 మిల్లీమీటర్లు ముందుకు వస్తుంది. ప్యాడ్‌కూ డిస్క్‌కూ మధ్య ఉండే సందు కూడా దాదాపు అంతే. చల్లబడితే ఆయిల్ ముడుచుకుంటుంది, పిస్టన్లు వెనక్కి వెళ్తాయి, చక్రం తిరుగుతుంది.

ఇది నిలబెట్టిన బండి సంగతి. కొండ దిగుతుంటే ఇంకా ప్రమాదం. మనిషీ బండీ కలిపి 90 కిలోలు, 100 మీటర్ల ఎత్తు దిగితే బయటపడే శక్తి 88 వేల జౌళ్లు. పావు లీటరు నీళ్లను మరిగించడానికి దాదాపు సరిపోతుంది. అందులో చాలా భాగం బ్రేకుల్లోనే వేడిగా మారుతుంది. రంధ్రం మూసుకున్న బ్రేక్‌లో వేడికి ఆయిల్ ఉబ్బుతుంది, ప్యాడ్లు ఇంకా బిగుస్తాయి, దాంతో ఇంకా వేడి. ఇవాళ చక్రం కరకరమన్నందుకు నిజానికి సంతోషించాలి.

ఉబ్బిన రబ్బరు మళ్లీ మామూలవుతుందని నమ్మలేం. లివర్ సీళ్లు, గిన్నె పొర, కాలిపర్ సీళ్లు అన్నీ మార్చి, హోస్‌ను కూడా కొత్తది వేశాను. కొన్ని కంపెనీలు లివర్ లోపలి సీళ్లు విడిగా అమ్మవు, అలాంటప్పుడు లివర్ మొత్తం మార్చాల్సిందే. సిలిండర్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టాను, గోడ మీద గీతలేమైనా ఉన్నాయేమో టార్చి వేసి చూశాను. కొత్త సీల్‌కు డాట్ ఆయిల్ రాసి, కప్పు నోరు ఆయిల్ వైపు ఉండేలా చూసుకుని లోపలికి నెట్టాను. తిరగేసి పెడితే ఒత్తిడి నిలవదు.

తర్వాత కొత్త ఆయిల్ ఎక్కించి, బుడగలు ఆగేదాకా బ్లీడింగ్ చేశాను, అంటే లోపల చిక్కిన గాలిని బయటికి పంపాను. గిన్నె మూత పెట్టేముందు ఒక్క పరీక్ష మిగిలింది. లివర్‌ను చాలా మెల్లగా, వెంట్రుకవాసి లాగాను. అడుగున సూదిబెజ్జం దగ్గర ఆయిల్ చిన్నగా చిమ్మి, పైన ఒక అల లేచి గిన్నె అంచులను తాకింది. ఇంకాస్త లాగితే అల ఆగిపోయింది, లివర్ గట్టిపడింది. వదిలాను. టక్కున వెనక్కి వచ్చింది.